నవ్వుల మాస్టారి కూతురు

మా ఆయన ఫొటోగ్రాఫరు. ఇలా చెబితే ఆయనకి కోపం. ఫోను చేతిలో ఉన్న ప్రతివాడూ ఫొటోగ్రాఫరే కాబట్టి, తనని చంటిపిల్లల ఫొటోగ్రాఫరు అని విడిగా చెప్పాలని ఆయన పట్టుదల. వీధిలో వాళ్ళు అంత పొడుగు పలకలేక నవ్వుల మాస్టారు అంటారు. అది గౌరవమో ఎగతాళో ఇప్పటికీ నేను తేల్చుకోలేదు. ఆయన మాత్రం తొలిరోజునే గౌరవం కింద జమకట్టేసుకున్నారు.

మా స్టూడియో మందుల షాపుకీ చెప్పుల షాపుకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. ముందు గదిలో కౌంటరు, కంప్యూటరు, నేను. తెర తప్పించుకుని లోపలికెళితే ఫొటోలు తీసే గది. ఆ గదికి ఎడమవైపు పెద్ద కిటికీ, దానికి పల్చటి తెల్లగుడ్డ. కిటికీ వెలుతురు ముందు ఏ లైటూ పనికిరాదని మా ఆయన సిద్ధాంతం. అసలు సంగతేమిటంటే మా లైట్లలో సగం వెలగవు. గది మధ్యలో ఎర్రటి మెత్త కుట్టిన పొట్టి స్టూలు ఒకటుంది. ఈ చుట్టుపక్కల పిల్లలందరూ ఎప్పుడో ఒకప్పుడు దాని మీద కూర్చుని గుక్కపట్టి ఏడ్చినవాళ్ళే. చివరికి నవ్వి దిగినవాళ్ళు కూడా వాళ్ళే. అక్కడే ఉంది మా ఆయన ప్రతాపమంతా.

ఆయనకో పద్ధతి ఉంది. పిల్లని స్టూలు మీద కూర్చోబెట్టగానే పిల్ల ఏడుస్తుంది, తల్లి చేతులు చాస్తూ పరిగెత్తుకొస్తుంది. అప్పుడు మా ఆయన ట్రాఫిక్ పోలీసులా అరచెయ్యి అడ్డం పెడతారు. "ఎత్తుకోకండమ్మా. ఏడిచినప్పుడు ఎత్తుకుంటే ఇంక ఇవాళంతా ఏడుస్తూనే ఉంటుంది. నవ్వనివ్వండి, అప్పుడు ఎత్తుకోండి." పాపం ఆ తల్లి ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. మా ఆయన రబ్బరు బాతుని కీచుకీచుమనిపిస్తారు, కళ్ళజోడు ముక్కు మీంచి జార్చి పట్టుకుంటారు, బుగ్గలు పూరించి వాటిని తనే గుద్దుకుంటారు. ఎదిగిన మగవాడు అన్నం కోసం ఇన్ని వేషాలు వెయ్యడం చూస్తే పిల్లకి ఏడుపు మధ్యలో ఆశ్చర్యం వేస్తుంది, ఆశ్చర్యం నవ్వులోకి జారుతుంది, కెమెరా క్లిక్కుమంటుంది. "ఆ, ఇప్పుడు ఎత్తుకోండి," అని ఆయన చెయ్యి దించుతారు. తర్వాత ఆ ఫొటో నా కంప్యూటర్లోకి వస్తే, బుగ్గల మీది కన్నీటి చారలు, ముక్కు కింది చీమిడి తుడిచి పంపడం నా వంతు. అలా ఊరి పిల్లలందరి ముక్కులూ తుడిచిన తల్లిని నేను.

ఈ పద్ధతి స్టూడియో గడప దాటకుండా ఉంటే నాకు ఏ పేచీ ఉండేది కాదు.

మాకు కాస్త ఆలస్యంగా అమ్మాయి పుట్టింది. గుండ్రంగా, పచ్చగా ఉందని మా అత్తగారు బుడంకాయ అని ముద్దుపేరు పెట్టారు. అసలు పేరు ఒకటుంది గాని అది ఆసుపత్రివాళ్ళు పిలవడానికి తప్ప దేనికీ పనికిరావడం లేదు. నడుం నిలబడటం మొదలైన రోజునే మా ఆయన దాన్ని ఎర్ర స్టూలు ఎక్కించారు. బేరం లేని వేళంతా దానికి ఫొటోలే. టోపీతో, టోపీ లేకుండా, కుందేలు చెవులతో, బుట్టలో, బుట్ట బయట. స్టూడియో అద్దంలో కనబడే పెద్ద బొమ్మ మా బుడంకాయదే. దాన్ని చూసి ఎంతోమంది తల్లులు తమ పిల్లలు కూడా అలాగే వస్తారనుకుని లోపలికొస్తారు.

కన్నకూతురైనా నియమం నియమమే. నవ్వేదాకా ఎత్తుకునేది లేదు. ఇంటికొచ్చాక కూడా అంతే. సాయంత్రం ఆయన తలుపు తీయగానే ఇది చేతులు పైకెత్తుకుని, నానా నానా అని మూలుగుతూ పాక్కుంటూ వెళ్ళేది. ఆయన ఎదురుగా గొంతుక్కూర్చుని, "ఏదీ, నవ్వు? నవ్వితే ఎత్తుకుంటా," అనేవారు. ఇది మూలుగు ఆపి నవ్వేది. ఆయన ఎత్తుకుని గాల్లోకి ఎగరేసేవారు. చూడముచ్చటగానే ఉండేది. మా అత్తగారు కూడా పక్కింటివాళ్ళని పిలిచి మరీ చూపించేవారు.

మా బుడంకాయకి చదువు తొందరగా అబ్బింది. నడక వచ్చేసరికి ఇంక అడిగించుకోవడం కూడా మానేసింది. ఆయన బండి చప్పుడు వినబడితే చాలు, చేస్తున్న పని ఎక్కడిదక్కడ ఆపేసేది. మెడ తిప్పి కిటికీ ఎక్కడుందో వెతుక్కునేది. కుడిబుగ్గ వెలుతురు వైపు పెట్టి, గడ్డం కొంచెం కిందికి దించి, తల ఒక పక్కకి వాల్చి, ఉన్న పళ్ళన్నీ బయటపెట్టేది. ఇది మీరు నమ్మకపోవచ్చు. నేను కూడా మొదట నమ్మలేదు. వంటగదిలో కిటికీ చిన్నది, వెలుతురు చాలదు. అందుకని అక్కడుంటే గుమ్మం దాకా నడిచొచ్చి మరీ నవ్వేది.

ఇక నా దగ్గర దాని అసలు ముఖం చెబుతాను.

పిల్లలు ఇట్టే పెరిగిపోతారని అందరూ అంటారు. అలా అన్నవాళ్ళు ఎప్పుడూ ఓ పిల్లకి అన్నం తినిపించి ఉండరు. మా బుడంకాయ ఒక్క ముద్ద బుగ్గన పెట్టుకుందంటే, దాన్ని మింగేలోపు నేను గిన్నెలన్నీ కడిగి, బట్టలు మడత పెట్టి, నా జీవితం గురించి కూడా కాస్త ఆలోచించుకోవచ్చు. మింగిందా అంటే అదీ లేదు, అంతా అయ్యాక నా చీర కొంగులోకి ఉమ్మేస్తుంది. స్నానానికి రమ్మంటే నీళ్ళంటే భయమన్నట్టు గుమ్మం పట్టుకుని వేలాడుతుంది. తీరా దిగాక బయటికి రమ్మంటే నీళ్ళలోనే పుట్టినట్టు బకెట్టు పట్టుకుని వేలాడుతుంది. ఏది అడిగినా "వద్దు." పాలు కావాలా, వద్దు. అయితే తీసేస్తాను, వద్దు. అయితే తాగు, వద్దు. ఆ పాలగ్లాసు పట్టుకుని నేను వంటింటికీ హాలుకీ మధ్య చేసే యాత్ర ఎవరైనా చూస్తే నాకేదో మొక్కుందనుకుంటారు.

చెప్పులు తనే వేసుకుంటుందట. వేసుకుంటుంది, కుడిది ఎడమకాలికి. సరిచేస్తానంటే ఒంటికాలి మీద లేస్తుంది. దుకాణంలో సబ్బుల వరుస మధ్య వెల్లకిలా పడుకుని కాళ్ళు తన్నుకున్న రోజున జనం నా వైపు చూసిన చూపు నేను మర్చిపోను. సబ్బు కొనివ్వలేదని ఏడుస్తోందనుకున్నారు వాళ్ళు. కాదు, సబ్బు కొన్నానని ఏడుస్తోంది. దానికి అది షాపులోనే ఉండాలట. నీలం గ్లాసు కడిగానని ఒకరోజు, కడగలేదని ఇంకోరోజు. అరటిపండు విరిగిందని ఒక పూటంతా. విరిగిన పండుని మళ్ళీ అతికించమంటుంది, అతకదంటే నా భుజం కొరుకుతుంది. అయినా నిజం చెప్పాలంటే, కొరికాక అదే భుజం మీద ముఖం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చి, అలాగే నిద్రపోతుంది. అప్పుడు నాకు దాని మీద ఎంత ప్రేమ పుడుతుందో చెప్పలేను. కొరికిన చోటు మాత్రం సలుపుతూనే ఉంటుంది.

ఇదంతా మా ఆయనకి చెబితే నేనేదో కథ అల్లుతున్నట్టు చూస్తారు. "నా కూతురు ఏడవడమేంటి? నా దగ్గర ఒక్కనాడైనా ఏడిచిందా? పిల్లల్ని పట్టుకోవడం ఒక విద్య. నీకు ఓర్పు తక్కువ." ఊరి పిల్లలందరినీ నవ్వించేవాడి ఇంట్లో ఆ విద్య తెలియని దద్దమ్మని నేనొక్కదాన్నే మిగిలాను.

సరే, ఒకసారి కళ్ళారా చూపిద్దామనుకున్నాను. అరటిపండు విరిగిన రోజునే, అది నేల మీద పడి దొర్లుతూ ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తుంటే, ఫోను చేసి వెంటనే రమ్మన్నాను. స్టూడియో ఇంటికి ఎంతో దూరం లేదు. కంగారుపడి వచ్చారు. బండి చప్పుడు వినబడింది. బుడంకాయ దొర్లడం ఆపింది, లేచి కూర్చుంది, గౌను మోకాళ్ళ మీదికి లాక్కుంది, కిటికీ వైపు తిరిగింది. ఆయన తలుపు తీసేసరికి క్యాలెండరు మీద బొమ్మలా ఉంది. "ఎక్కడే ఏడుపు?" అన్నారాయన. నేను చూపించడానికి నా దగ్గర విరిగిన అరటిపండు తప్ప ఏమీ లేదు. ఆయన బేరం చెడగొట్టానని నన్ను నాలుగు చీవాట్లు పెట్టి వెళ్ళిపోయారు. ఆ బండి మలుపు తిరగగానే ఇది మళ్ళీ పడుకుని, ఆపిన చోటునుంచి మొదలుపెట్టింది.

అది చూసి మా అత్తగారు మొదటిసారి నవ్వలేదు. "వాడు రాగానే దీని మెడ ఎలా తిరుగుతోందో చూశావా అమ్మాయ్? నాకెందుకో బాగాలేదు," అన్నారు.

నాకు బాగాలేదనిపించడం దానికి జ్వరం వచ్చిన రోజున మొదలైంది. పొద్దున్నే దాని ఒళ్ళు సలసల కాగుతోంది. నా భుజం మీద తడిగుడ్డలా వేలాడుతూ మూలుగుతోంది. ఆయన స్నానం చేసి తల తుడుచుకుంటూ గదిలోకి వచ్చారు. ఇది తల ఎత్తింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, పెదవులు ఎండిపోయాయి. ఆ కళ్ళతోనే కిటికీ వెతుక్కుని నవ్వింది. ఆయన ఎత్తుకుని బుగ్గ గిల్లి, "ఒళ్ళు కాస్త వెచ్చగా ఉంది, అంతే. జ్వరమైతే పిల్ల ఇలా నవ్వుతుందా?" అని నాకు అప్పగించి పనికెళ్ళిపోయారు. మధ్యాహ్నానికి నేనూ అత్తగారూ దాన్ని డాక్టరు దగ్గరికి పరిగెత్తించాం.

సాయంత్రం నేను ఆయన్ని చెప్పులు కూడా విప్పనివ్వలేదు.

"మీ దగ్గర అది నవ్వడం లేదండీ. మీకు ఫొటో ఇస్తోంది."

"ఏం మాటలవి?"

"ఇవాళ జ్వరం. రేపు దానికి కడుపులో నొప్పి రావచ్చు, ఎవరైనా కొట్టొచ్చు, ఏ చీకటిని చూసో భయమెయ్యచ్చు. వీధిలో అందరికీ చెబుతుంది, మీకు మాత్రం పళ్ళు చూపిస్తుంది. మీరు బాగుందనుకుని వెళ్ళిపోతారు."

"నన్ను చూస్తే దానికి సంతోషం. అది కూడా నీకు కంటగింపైతే నేనేం చెయ్యను?"

అత్తగారు లోపల్నుంచి వచ్చారు. "ఒరేయ్, నువ్వు చిన్నప్పుడు ఎంత ఏడ్చేవాడివో తెలుసా? వీధి చివరిదాకా వినబడేది. నేనొచ్చి ఎత్తుకునేదాకా నీ నోరు మూతపడేది కాదు."

"అందుకేనమ్మా, నా కూతురికి ఆ అలవాటు కాకుండా చూశాను," అన్నారు మా ఆయన. అత్తగారు కొడుకు ముఖం వంక కాసేపు చూసి లోపలికెళ్ళిపోయారు.

ఆ రోజునుంచి నా పోరాటమంతా ఒక్కటే. నా కూతురు వాళ్ళ నాన్న ముందు ఒక్కసారి ఏడవాలి. లోకంలో తల్లులందరూ పిల్లలు ఏడవకూడదని కోరుకుంటుంటే నేను ఏడవాలని కోరుకుంటూ తిరిగాను. వింతగానే ఉంటుంది, కాని నాకు భయం వేసింది. ఏడుపు చెప్పుకోలేని చోట పిల్లకి నాన్న ఉన్నట్టా లేనట్టా?

ఆయన మూర్ఖుడే గాని చెడ్డవాడు కాదు. నా మాట లోపలెక్కడో గుచ్చుకుంది కాబోలు, ఒక ఆదివారం కెమెరా స్టూడియోలోనే వదిలేసి వచ్చి, "ఇవాళంతా నా కూతురితో ఉత్త చేతులతో ఆడుకుంటాను, చూస్తూ ఉండు," అని సవాలు చేశారు. హాల్లో నేల మీద మఠం వేసుకుని కూర్చున్నారు. కూర్చున్నారు గాని, కెమెరా లేని చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకి తెలియలేదు. తొడల మీద పెట్టుకున్నారు, వీపు వెనక్కి పెట్టుకున్నారు, చివరికి చంకల్లో దాచుకున్నారు. పెళ్ళిచూపుల్లో కూడా ఈ మనిషి ఇంత ఇబ్బంది పడలేదు.

బుడంకాయ ఆయన్ని ఎగాదిగా చూసింది. తర్వాత వంటగదిలోకి వెళ్ళి, నేను కూరగాయలు తరిగేటప్పుడు కూర్చునే పీటని కిర్రుకిర్రుమని ఈడ్చుకుంటూ తెచ్చింది. కిటికీ ముందు వేసుకుంది. దాని మీద కూర్చుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, నవ్వు మొదలుపెట్టింది.

"ఫొటో వద్దమ్మా. రా, ఆడుకుందాం," అన్నారాయన.

అది ఇంకా కాస్త నవ్వింది. చాలలేదేమో అనుకుంది.

"బంతి ఆడుకుందామా? ఇదిగో బంతి."

అది బంతి వైపు చూడనే లేదు. ఆయన వైపే చూస్తూ నవ్వు పట్టుకుని కూర్చుంది. కాసేపటికి దాని బుగ్గలు వణకడం మొదలైంది. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. ఆయన నా వైపు చూశారు, దాని వైపు చూశారు. ఆఖరికి ఓర్చుకోలేక రెండు చేతులూ దొప్పలా చేసి కళ్ళ ముందు పెట్టుకుని, నాలుకతో క్లిక్కుమని శబ్దం చేసి, వెళ్ళి ఎత్తుకున్నారు. అది ఆయన మెడ కావలించుకుంది. "చూశావా, దానికి ఇదే ఇష్టం," అన్నారు నాతో. నేను వంటగదిలోకి వెళ్ళి కడిగిన గిన్నెలనే మళ్ళీ ఠంగుఠంగుమని కడిగాను.

ఆ తర్వాత కొద్దిరోజులకి అత్తగారు బంధువులని చూడ్డానికి వేరే ఊరెళ్ళారు. బుడంకాయని నాతో స్టూడియోకి తీసుకెళ్ళక తప్పలేదు. కౌంటరు కింద కాగితం ముక్కలు, రంగు పెన్సిళ్ళు ఇచ్చి కూర్చోబెట్టాను. లోపల మా ఆయన ఎవరో దంపతుల బాబుకి ఫొటో తీస్తున్నారు. ఆ బాబు గొంతు గట్టిది. వాళ్ళమ్మ చేతులు నలుపుకుంటూ, "పోనీ ఒక్కసారి ఎత్తుకోనా అండీ?" అని అడగడం, మా ఆయన వద్దనడం నాకు వినబడుతూనే ఉంది. ఆ ఏడుపు వినలేక కాబోలు, మా బుడంకాయ తెర కిందనుంచి దూరి లోపలికెళ్ళింది. నేను కంప్యూటర్లో ఎవరి ముక్కో తుడుస్తూ వెంటనే లేవలేదు.

"నవ్వు," అంటోంది అది ఆ బాబుతో. "నవ్వు. నవ్వితే ఎత్తుకుంటారు."

పెద్దవాళ్ళందరూ నవ్వారు. బాబు మాత్రం ఇంకా గట్టిగా ఏడిచాడు. చెప్తే వాడికి అర్థం కాలేదని, చేసి చూపించాలనుకుంది మా పిల్ల. ఎర్ర స్టూలు మీద బాబున్నాడు కాబట్టి, వెనక తెరలు మార్చడానికి వాడే చెక్క నిచ్చెన ఎక్కింది. నేను తెర తొలగించేసరికి రెండో మెట్టు మీద నిలబడి కిటికీ వైపు తిరుగుతోంది. నేను పిలిచేలోపు కుడిది ఎడమకాలికి వేసుకున్న దాని చెప్పులు జారాయి. కింద లైటు స్టాండు ఇనప కాలుకి గడ్డం కొట్టుకున్న చప్పుడు ఆ గదిలో అందరికీ వినబడింది.

మా ఆయన కెమెరా అలాగే వదిలేసి పరిగెత్తారు. కెమెరా ఏమైందో ఆయన చూడలేదు. అది కింద పడి లెన్సు పగిలిందని మర్నాడు తెలిసింది.

బుడంకాయ లేచి కూర్చుంది. గడ్డం చీలి రక్తం గౌను మీదికి కారుతోంది. నోరు పెద్దగా తెరుచుకుంది, ఇంకా శబ్దం రాలేదు. ఏడుపుకి ముందు పిల్లలు ఊపిరి లోపలికి పీల్చుకుని ఒక్క క్షణం ఆగుతారే, ఆ ఆగడం. ఆ క్షణంలో దానికి ఎదురుగా వాళ్ళ నాన్న కనబడ్డారు.

నోరు మూసుకుంది.

మెడ తిప్పి కిటికీని చూసుకుంది. చీలిన గడ్డాన్ని కిందికి దించబోతే నొప్పి పుట్టి ముఖం ముడుచుకుపోయింది. అయినా దించింది. తల ఒక పక్కకి వాల్చి నవ్వింది. పళ్ళ మీద రక్తం ఉంది. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి, నవ్వు మాత్రం అలాగే ఉంది. మా ఆయన దాని ముందు మోకాళ్ళ మీద కూలబడ్డారు. చేతులు ముందుకు రాలేదు. కట్టేసినట్టు ఉండిపోయారు. ఎందుకు ఎత్తుకోవడం లేదో దానికి అర్థం కాలేదు. రెండు చేతులూ పైకెత్తింది.

"నవ్వాను నాన్నా," అంది. "నవ్వాను కదా. ఎత్తుకో."

ఆసుపత్రి పక్క వీధిలోనే. ఆయన దాన్ని ఎత్తుకుని పరిగెత్తారు, నేను గడ్డానికి గుడ్డ అదిమిపట్టి పక్కన పరిగెత్తాను. కుట్లు వెయ్యాలన్నారు. సూది దగ్గరికొచ్చినప్పుడు దాని ఒళ్ళంతా బిగుసుకుపోయింది, వేళ్ళు నా చేతిలోకి దిగబడ్డాయి, కాని ఆయన ఎదురుగా ఉన్నారు కాబట్టి నవ్వు వదల్లేదు. నర్సు ముచ్చటపడిపోయింది. "ఇలాంటి పిల్లని నేను చూడలేదండీ. నిన్న మీసాలున్న మనిషే ఇక్కడ నానా గోల చేశాడు. ఎంత బాగా పెంచారో."

మామూలుగా అయితే ఇలాంటి మెప్పు మీద మా ఆయన వారం రోజులు భోజనం లేకుండా బతకగలరు. ఇప్పుడు ఆమె మాట ఆయన చెవిలో పడ్డట్టే లేదు. పిల్ల ముఖం మీదికి వంగి, "ఏడువమ్మా," అన్నారు. "నొప్పిగా ఉంది కదా. ఏడువు. నేనేమీ అనను." నర్సు చేతిలో దూది పట్టుకుని ఆయన వైపు అదోలా చూసింది. బుడంకాయ ఆయనకి ఏం కావాలో కనుక్కోవడానికి ముఖమంతా వెతికింది. ఏమీ తెలియక ఇంకొంచెం నవ్వింది.

బయటికొచ్చాక నేను ఎత్తుకుంటానన్నా ఆయన ఇవ్వలేదు. నడిచి ఇంటికి బయల్దేరాం. సాయంత్రం, వీధి నిండా జనం. ఆయన ఏడుస్తున్నారని నాకు చెప్పుల షాపతని ముఖం చూస్తే తెలిసింది. షాపతను గల్లాపెట్టె వదిలేసి లేచి నిలబడి, "ఏమైంది మాస్టారూ?" అన్నాడు. ఆయన రెండు చేతులూ పిల్ల చుట్టూ ఉన్నాయి, ముఖం తుడుచుకునే వీలు లేదు, తుడుచుకోవాలని అనుకున్నట్టు కూడా లేరు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ ముఖాన్ని నేను చూడలేదు. ముక్కు ఎర్రబడి, నోరు వంకరపోయి, ఏ పక్కనుంచి వెలుతురు పడినా బాగుండని ముఖం.

బుడంకాయ ఆయన భుజం మీంచి తల ఎత్తింది. కొంచెం వెనక్కి జరిగి ఆయన్ని చూసింది. వేలితో ఆయన బుగ్గ తడిమి, ఆ తడి చూసుకుంది. దాని ముఖంలో నవ్వు మెల్లగా పోయింది. కింది పెదవి ముందుకొచ్చింది. ఆ పెదవి నాకు బాగా తెలుసు. ఆయన దాన్ని చూడటం అదే మొదలు.

తర్వాత అది ఏడ్చింది. పడిన నొప్పీ, సూది నొప్పీ, జ్వరం నాటిదీ, ఇంకా ఎప్పటెప్పటివో అన్నీ కలిపి, వీధి చివరిదాకా వినబడేలా ఏడ్చింది. ఆయన చొక్కా పట్టుకుని గుంజుతూ, మెడ నిండా చీమిడి పులుముతూ, కాళ్ళతో పొట్టలో తన్నుతూ ఏడ్చింది. దారిన పోయేవాళ్ళు ఆగి, ఎవరి పిల్లనో ఎత్తుకుపోతున్న దొంగని చూసినట్టు ఆయన్ని చూశారు. ఊరి పిల్లలందరి ఏడుపూ మాన్పించిన మనిషి రోడ్డు మధ్యలో ఆగిపోయి, దిక్కుతోచక నా వైపు తిరిగారు.

"ఇప్పుడు ఏం చెయ్యాలి?" అన్నారు.

"ఏం చెయ్యకండి. దించకుండా నడవండి."

ఆయన నడిచారు. అది ఏడుస్తూనే ఉంది, ఆయనా ఏడుస్తూనే ఉన్నారు. నాకూ ఏడుపు తన్నుకొచ్చింది, కాని వాళ్ళిద్దరికీ కళ్ళు కనబడటం లేదు, ఎదురుగా బళ్ళు వస్తున్నాయి, ఎవరో ఒకరు దారి చూడాలి కదా.